బాటసారి కలం, హలాల్ సంపాదన

గత శీతాకాలంలో కదిరి ప్రాంతం నుంచి ఒక పెద్దమనిషి మా మదరసాకు వచ్చారు. ఆయన కుమారుడు కొన్నేళ్ళు మా వద్ద చదువుకున్నవాడే. "మౌలానా సాబ్, వాడికి మీరైనా చెప్పండి. ఉద్యోగం వద్దంట. ఊళ్ళు తిరిగి, చూసింది వ్రాసి బతుకుతాడంట. సంబంధం మాట్లాడబోతే పిల్లోడు ఏం చేస్తాడని అడుగుతారు. ఏమని చెప్పేది?" అని వాపోయారు.

వేరుశనగ చేతికి రాక, బోర్లు ఎండిపోయి, కుటుంబాలకు కుటుంబాలు బెంగుళూరు బస్సు ఎక్కే సీమ మాది. ఇక్కడ ఏ తండ్రి అయినా కొడుకుకు ముందుగా కోరుకునేది నెల జీతమే. ఆయన ఆవేదనను కొట్టివేయటం మాకు సాధ్యం కాలేదు. అయినా ఒక పక్షం మాట విని తీర్పు చెప్పరాదు కనుక పిల్లవాడిని పిలిపించాము.

అతడు చెప్పిన వివరం ఇది. అతడు ఏ సంస్థలోనూ ఉద్యోగి కాడు. పత్రికలకు యాత్రా వ్యాసాలు, పర్యాటకులకు దారి చూపే పుస్తకాలకు అధ్యాయాలు వ్రాస్తాడు. బస్సు చార్జీ, భోజనం, బస ముందుగా తన జేబు నుంచే పెట్టుకోవాలి. వ్యాసం అచ్చయిన పిదప, కొన్నిసార్లు నెలలు గడిచాక, పారితోషికం వస్తుంది. పుస్తకమైతే అమ్ముడైన ప్రతుల మీద రాయల్టీ ఇస్తారు, లేదా ఏకమొత్తం చెల్లించి హక్కులన్నీ తీసుకుంటారు. ఏకమొత్తానికి ఒప్పుకుంటే ఆ పుస్తకం పదిసార్లు అచ్చయినా వ్రాసినవాడికి మరో పైసా రాదు. నోటిమాట మీద నమ్మి ఒకచోట అతడు నష్టపోయాడు కూడా. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్, అల్ బఖరా సూరాలోని 282వది, అప్పు లావాదేవీలను వ్రాతపూర్వకంగా ఉంచుకోమని ఆదేశిస్తుంది. ఆ ఆయత్‌ను మా వద్దే కంఠస్థం చేశాడు; కాగితం మీద ఒప్పందం మాత్రం అడగలేకపోయాడు!

ఈ వృత్తి మన సమాజానికి కొత్తదేమీ కాదు. భూమిపై సంచరించి పరిశీలించమని ఖుర్ఆన్ పలుమార్లు ఉద్బోధించింది. పదవ శతాబ్దంలో బైతుల్ మఖ్దిస్‌లో జన్మించిన అల్ మఖ్దిసీ ఇస్లామీయ దేశాలను తిరిగి, దాదాపు 985లో తన భూగోళ గ్రంథాన్ని పూర్తిచేశారు. ప్రయాణంలో పొట్ట పోసుకోవటానికి ఆయన పుస్తకాలకు అట్టలు కట్టారు, పాఠాలు చెప్పారు, అజాన్ ఇచ్చారు. తాను కళ్ళారా చూచినదేదో, నమ్మదగినవారి నుంచి విన్నదేదో, గ్రంథాలలో చదివినదేదో వేరుపరచి చెప్పటం ఆయన నియమం. 1325లో హజ్ సంకల్పంతో తాంజియర్ విడిచిన ఇబ్న్ బతూతా పేరు పాఠకులందరికీ తెలిసినదే. ఆయన యాత్రలను ఇబ్న్ జుజయ్ గ్రంథస్థం చేశాడు. అందులో మక్కా, మదీనా, డమాస్కస్ వర్ణనల్లో చాలా భాగం అంతకు ముందరి యాత్రికుడు ఇబ్న్ జుబైర్ పుస్తకం నుంచి తీసుకున్నదని పండితులు నిరూపించారు. అంత మహా గ్రంథానికీ ఆ మచ్చ మిగిలిపోయింది.

తెలుగులో ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్టణం నుంచి కాశీకి బయలుదేరి, మజిలీ మజిలీకీ నీరు, అంగళ్ళు, బస ఎలా ఉన్నాయో వ్రాసుకున్నారు. అది 1838లో అచ్చయింది. ఆయన సుప్రీం కోర్టులో దుబాసీ; రచన మీద బ్రతకవలసిన అవసరం లేదు. మా పిల్లవాడికి ఆ ఆసరా లేదు. అయితే మా కరువు నేలకు వచ్చే బాటసారికి మండువేసవిలో ఏ ఊళ్ళో మంచినీరు దొరుకుతుందో చెప్పటం, లేపాక్షిలో వ్రేలాడే స్తంభం గురించి నూరవసారి వ్రాయటం కన్నా మేలని అతడికి చెప్పాము.

కదిరికి సమీపాన గూటిబయలులో తిమ్మమ్మ మర్రిమాను ఉంది. వెయ్యికి పైగా ఊడలతో సుమారు ఐదెకరాలు పరచుకున్న ఒకే చెట్టు. దానిని 1989లో గిన్నిస్ రికార్డులకు ఎక్కించినవాడు ఏ అధికారో కాదు, బెంగుళూరుకు చెందిన సత్యనారాయణ అయ్యర్ అనే స్వతంత్ర పాత్రికేయుడు, ఛాయాగ్రాహకుడు. పత్రికలు ఆయన రచనలను 'రిగ్రెట్' అంటూ వందల సంఖ్యలో త్రిప్పి పంపగా, ఆ మాటనే తన పేరుగా చేసుకొని 'రిగ్రెట్ అయ్యర్' అయ్యారు. ఈ వృత్తిలో ఉండవలసిన సబ్ర్ అంటే ఏమిటో ఆ పేరే చెబుతోంది.

ఆ చెట్టుకు ఒక సహగమన గాథ ముడిపడి ఉంది. "హజ్రత్, మన విశ్వాసం వేరు కదా, దానిని వ్రాయవచ్చునా?" అని పిల్లవాడు అడిగాడు. "అక్కడివారు ఇలా చెప్పుకుంటారని వ్రాయి. ఎగతాళి చేయకు, నీవు చూచినట్లు సాక్ష్యమూ ఇవ్వకు" అన్నాము. అల్ మఖ్దిసీ నియమం అక్కడ అక్కరకు వచ్చింది.

మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసినది అతడి రెండవ ప్రశ్న. ఒక లాడ్జి యజమాని గది అద్దె తీసుకోనన్నాడట. పుస్తకంలో నాలుగు మంచి మాటలు వ్రాస్తే చాలన్నాడట. జకాత్ వసూలుకు వెళ్ళిన ఇబ్నుల్ లుత్బియ్యా తిరిగి వచ్చి, ఇది మీది, ఇది నాకు కానుకగా ఇచ్చినది అన్నప్పుడు, అతడు తన తల్లిదండ్రుల ఇంట్లో కూర్చొని ఉంటే ఆ కానుక వచ్చేదా అని దైవప్రవక్త (స) మింబర్‌పై నిలిచి ప్రశ్నించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఆ గది ఈ పిల్లవాడి ముఖం చూసి ఇచ్చినది కాదు, అతడి కలం చూసి ఇచ్చినది. ఆ పుస్తకాన్ని నమ్మి పిల్లాపాపలతో రాత్రివేళ ఆ లాడ్జి మెట్లెక్కే కుటుంబం ఏ పాపం చేసింది? అద్దె చెల్లించు, లేదా ఉచితంగా బస చేశానని అచ్చులో చెప్పు అన్నాము. "చెల్లిస్తే ఈ వ్యాసంలో నాకు ఏమీ మిగలదు హజ్రత్" అన్నాడు. అతడు అన్నది నిజమే. మా వద్ద దానికి సమాధానం లేదు.

రెండు వారాల తరువాత వ్రాతప్రతి తెచ్చి చూపించాడు. లాడ్జి గదులు శుభ్రమనీ, ఉదయం తొమ్మిది తరువాత కుళాయిలో నీళ్ళు రావనీ ఉంది. ఆ పేజీకి అద్దె రసీదు గుండుసూదితో గుచ్చి ఉంది. తండ్రిగారు ఇంకా సంబంధాలు వెదుకుతున్నారు. అబ్బాయి ఏం చేస్తాడని అడిగితే ఇప్పుడు "పుస్తకాలు వ్రాస్తాడు" అని చెబుతున్నారట.