నిలువుకాళ్ల కొలువు!

పొద్దున ఎక్కిన డ్యూటీ దిగేదాకా నిలబడే ఉండాలి. సాయంత్రానికి కాళ్లు పీకుతాయి, మడమలు మండుతాయి. ‘అదే అలవాటైపోతుందిలే’ అనుకుంటాం. అలవాటయ్యేది మనసుకే... కాళ్లకు కాదు!

* * *

షిఫ్టు వదిలే వేళ మేడ్చల్‌లో బస్సెక్కి చూడండి. సీటు దొరికినవాళ్లు చేసే మొదటి పని సెల్‌ఫోన్ తీయడం కాదు, చెప్పుల్లోంచి కాళ్లు బయటికి తీయడం. వేళ్లు ఒకసారి చాపి, ముడిచి, ‘హమ్మయ్య’ అనుకుంటారు. ఆ ఒక్క మాటలో రోజంతటి కష్టం ఉంటుంది.

నాగ్‌పూర్ వెళ్లే జాతీయ రహదారి మీద మేడ్చల్, కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట. రెంటినీ కలుపుతూ ఔటర్ రింగ్ రోడ్డు. హైదరాబాద్ ఉత్తరానికి పెరిగినకొద్దీ ఈ దారుల వెంట ఫ్యాక్టరీలు, గోదాములు, ఫంక్షన్ హాళ్లు, సూపర్ మార్కెట్లు, బట్టల షాపులు వెలిశాయి. శామీర్‌పేట దాటితే తుర్కపల్లి దగ్గర జినోమ్ వ్యాలీ. కరోనా కాలంలో 2021 జనవరిలో అత్యవసర వాడకానికి అనుమతి పొందిన కోవాగ్జిన్ టీకా, ఇక్కడి భారత్ బయోటెక్ తయారుచేసిందే.

పనులు వేరువేరు. జీతాలు వేరువేరు. కానీ ప్యాకింగ్ లైను దగ్గర ఆడవాళ్లకీ, బిల్లింగ్ కౌంటర్లో అమ్మాయికీ, గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుకీ, కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబుల్‌కీ, పెనం ముందు దోసె మాస్టరుకీ ఒక పోలిక ఉంది. అందరివీ నిలువుకాళ్ల కొలువులే!

నడక కన్నా నిలకడే కష్టం

కాళ్లకు బలపం కట్టుకుని తిరిగేవాళ్లకే కాళ్లనొప్పులు ఎక్కువని అనుకుంటాం. నిజానికి కదలకుండా ఒకేచోట నిలబడటం అంతకన్నా కష్టం. ఎందుకో చూడండి.

గుండె కిందికి పంపిన రక్తం పాదాల నుంచి మళ్లీ పైకి ఎక్కాలి. అడుగు వేసినప్పుడల్లా పిక్క కండరం బిగుసుకుని సిరల్లోని రక్తాన్ని పైకి నెడుతుంది. అది వెనక్కి జారకుండా సిరల్లో చిన్నచిన్న కవాటాలుంటాయి. పిక్కను ‘రెండో గుండె’ అనేది అందుకే. కదలకుండా నిలబడితే ఈ పంపు పనిచేయదు. అప్పుడు చీలమండ దగ్గర సిరల్లో పీడనం 80 నుంచి 90 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. కొన్ని అడుగులు నడిస్తే చాలు, ఆరోగ్యంగా ఉన్న కాళ్లలో అది 30 కన్నా తగ్గిపోతుంది.

అంటే, గంటల తరబడి నిలబడ్డ మనిషికి కావలసింది పెద్ద వైద్యమేమీ కాదు... మధ్యమధ్యలో నాలుగడుగులు, కాసేపు కూర్చునే చోటు.

ఏ నొప్పి ఏం చెబుతుంది?

పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉంటాయి. ఎక్కడ తేడా వచ్చినా అవి చెబుతూనే ఉంటాయి.

* పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో పొడిచినట్టుంటే... అరికాలి కింద ఉండే గట్టి పట్టీ దెబ్బతిందని అనుమానించాలి. దీన్ని ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు. అరికాలిని, పిక్కను సాగదీసే వ్యాయామాలు, మెత్తని అడుగున్న చెప్పులతో చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది. ఓపిక ముఖ్యం.

* సాయంత్రానికి చీలమండల దగ్గర వాపు, పిక్కల మీద మెలికలు తిరిగి ఉబ్బిన నరాలు... వేరికోస్ వీన్స్. కవాటాలు బలహీనపడటం వల్ల వస్తాయి. ఆడవాళ్లలో, ముఖ్యంగా గర్భం దాల్చినవారిలో ఎక్కువ. నిర్లక్ష్యం చేస్తే చీలమండ దగ్గర చర్మం నల్లబడి, మానని పుండు పడొచ్చు.

* ఆనెకాయలు... బిగుతు బూట్ల ఒరిపిడికి చర్మం కట్టుకున్న గోడలు. వాటిని బ్లేడుతో కోయడం, జిల్లేడు పాలు పూయడం ప్రమాదం. ముందు మార్చాల్సింది బూట్లను.

* ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, పిక్కలో నొప్పి, వేడి ఉంటే ఆలస్యం చేయొద్దు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. దానితోపాటు ఆయాసం, ఛాతీనొప్పి ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

షుగర్ ఉన్నవాళ్లయితే మరీ జాగ్రత్త. స్పర్శ తగ్గిన పాదానికి బూటులో చేరిన చిన్న రాయి కూడా తెలియదు. తెలిసేసరికి పుండవుతుంది. రోజూ రాత్రి అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి. కంటికి ఆనకపోతే అద్దం పెట్టుకోండి, లేదా ఇంట్లోవాళ్లను చూడమనండి. వేణ్నీళ్లలో కాళ్లు పెట్టొద్దు... కాలినా తెలియదు.

ఈ చుట్టుపక్కల వాళ్లకు మేడ్చల్ దగ్గరి ఘన్‌పూర్‌లో మెడిసిటి వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. పంజగుట్ట నిమ్స్‌లో రక్తనాళాల శస్త్రచికిత్సకు ప్రత్యేక విభాగమే ఉంది.

స్టూలు వేయడం దయ కాదు!

‘కూర్చుంటే ఓనరు ఏమంటాడో...’ చాలామంది కాళ్లనొప్పి వెనక ఉన్న అసలు భయం ఇదే. కస్టమరు లేని వేళ కూడా కూర్చోకూడదన్నది చాలా షాపుల్లో రాయని రూలు.

రాసిన రూలు మాత్రం వేరు. నిలబడి పనిచేసే కార్మికులు, పనికి అడ్డురాకుండా వీలు దొరికినప్పుడు కూర్చునేందుకు ఏర్పాట్లు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 44వ సెక్షనే చెప్పింది. దాని స్థానంలో వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ కూడా ఆ మాటను వదల్లేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన ఈ కోడ్, పదిమంది, అంతకుమించి పనిచేసే వ్యాపార సంస్థలకూ వర్తిస్తుంది.

కేరళలోనైతే ఈ హక్కు కోసం ఆడవాళ్లు రోడ్డెక్కారు. కోజికోడ్ బట్టల షాపుల్లో పనిచేసే మహిళలు, దర్జీ పనిచేసే పి.విజి నాయకత్వంలో ఏళ్ల తరబడి పోరాడారు. 2018లో ఆ రాష్ట్రం దుకాణాల చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు అదే బాట పట్టింది.

యజమానులకూ ఇందులో నష్టం లేదు. కౌంటరు వెనక ఒక ఎత్తు స్టూలు, కాళ్ల కింద ఒక రబ్బరు మ్యాటు, ఒక కాలు పైకి పెట్టుకునేందుకు చిన్న పీట... ఇవేమీ షాపు దివాలా తీయించే ఖర్చులు కావు. నొప్పితో సెలవు పెట్టే మనిషి కన్నా, కాసేపు కూర్చుని లేచిన మనిషే చురుగ్గా పనిచేస్తాడు.

మన చేతిలో ఉన్నవి

* నిలబడినచోటే అరగంటకోసారి మునివేళ్ల మీద పది, పదిహేనుసార్లు లేచి దిగండి. పిక్క పంపు మళ్లీ పనిచేస్తుంది. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

* బరువును ఒక కాలి మీంచి మరో కాలికి మారుస్తుండండి.

* చెప్పులు, బూట్లు సాయంత్రం పూటే కొనండి. అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పొద్దున సరిపోయిన జోడు సాయంత్రం కరుస్తుంది. పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి.

* అరిగిపోయిన హవాయి చెప్పులతో డ్యూటీ చేయొద్దు. బూట్లు వాడేవాళ్లు వీలైతే రెండు జతలు మార్చి మార్చి వేసుకోండి. సాక్సులు రోజూ ఉతికినవే వేసుకోవాలి.

* బిగుతు మేజోళ్లు (కంప్రెషన్ స్టాకింగ్స్) డాక్టరు చెబితేనే వాడండి. కాళ్లకు రక్తప్రసరణ సరిగా లేనివారికి అవి హాని చేస్తాయి.

* ఇంటికొచ్చాక దిండు మీద కాళ్లు ఎత్తి పెట్టి పావుగంట పడుకోండి.

ఆ పావుగంటే చాలామంది ఆడవాళ్లకు దొరకనిది. డ్యూటీ దిగిన కాళ్లు నేరుగా స్టవ్వు ముందుకు వెళ్లి మళ్లీ నిలబడతాయి. అమ్మమ్మలు కత్తిపీట ముందేసుకుని కూర్చునే కూరలు తరిగేవారు. ప్లాట్‌ఫామ్ వంటిళ్లు వచ్చాక ఆ కాసేపు కూర్చోవడమూ పోయింది. కూరగాయలు తరిగేటప్పుడైనా కుర్చీ లాక్కోండి. ఇంట్లోవాళ్లూ ఆ కుర్చీ తెచ్చి వేయొచ్చు!

ఈసారి షాపుకెళ్లినప్పుడు కౌంటర్లో అమ్మాయి స్టూలు మీద కూర్చుని బిల్లు వేస్తుంటే చిన్నచూపు చూడకండి. మీ బిల్లు ఎలాగూ వస్తుంది. ఆమె కాళ్లు ఇంకా చాలాకాలం నడవాలి.