అర మీటరు కిరణం.. పది మీటర్లు దాటాలంటే!

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మూలపేటలో పోర్టుకు 2023 ఏప్రిల్‌ 19న శంకుస్థాపన జరిగింది. పోర్టంటే ఓడలు, క్రేన్లే కాదు. లారీ గేటు దాటిందా? వేబ్రిడ్జి మీదకు చక్రాలన్నీ ఎక్కాయా? కన్వేయర్‌ మీద బస్తా కదిలిందా? వీటిని కనిపెట్టే సెన్సర్లను అమర్చేవాళ్లు, చెడిపోతే సరిచేసేవాళ్లు కావాలి. టెక్కలి, పలాస చుట్టుపక్కల ఐటీఐ, డిప్లొమా, ఈసీఈ చదివే మీకు ఇక్కడే అవకాశం.

ఐఆర్‌ బీమ్‌ సెన్సర్‌ మీకు తెలిసిందే. ఒకవైపు ఎల్‌ఈడీ, ఎదురుగా రిసీవర్‌. మధ్యలో ఏదైనా అడ్డొస్తే కిరణం తెగుతుంది. ల్యాబ్‌ టేబుల్‌ మీద చక్కగా పనిచేసే ఈ మినీ ప్రాజెక్టు, లారీ పట్టేంత ఎడం పెడితే మొరాయిస్తుంది. ‘రేంజ్‌ ఎలా పెంచుతావ్‌?’ అని ఇంటర్వ్యూలో అడిగితే ‘కరెంటు పెంచుతాను సార్‌’ అంటే సరిపోదు. వరుస తెలియాలి.

ముందు ఎండతో తేల్చుకోండి
ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్‌ ఉంటుంది. మామూలు ఫొటోడయోడ్‌కు మీ కిరణమేదో, ఎండేదో తెలియదు. అందుకే ఎల్‌ఈడీని 38 కిలోహెర్ట్జ్‌ వేగంతో వెలిగించి ఆర్పాలి. టీవీ రిమోట్‌లో జరిగేది ఇదే. టీఎస్‌ఓపీ1738 లాంటి రిసీవర్‌ ఆ వేగాన్నే గుర్తిస్తుంది. అయితే ఆపకుండా పంపితే దాన్నీ రొదగా భావించి పట్టించుకోదు. 600 మైక్రోసెకన్లు పంపి, అంతేసేపు ఆపండి. ఎడతెగని కిరణం కోసమైతే టీఎస్‌ఎస్‌పీ4038 రకం రిసీవర్లు ఉన్నాయి.

రెట్టింపు దూరానికి నాలుగింతలు
దూరం రెట్టింపైతే రిసీవర్‌కు చేరే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. అంటే కరెంటు 20 మిల్లీఆంపియర్ల నుంచి 200కు పెంచినా, దూరం పది రెట్లు కాదు, మూడు రెట్లే పెరుగుతుంది. ఆ 200 కూడా ఆర్డ్యునో పిన్‌ ఇవ్వలేదు, మధ్యలో 2ఎన్‌2222 ట్రాన్సిస్టర్‌ పెట్టాలి. లెక్క చూడండి: 5 వోల్టుల్లో ఎల్‌ఈడీకి 1.5, ట్రాన్సిస్టర్‌కు 0.3 పోతే మిగిలేది 3.2. దాన్ని 0.2 ఆంపియర్‌తో భాగిస్తే 16 ఓములు. మార్కెట్లో దొరికే 18 ఓముల రెసిస్టర్‌ వేయండి. ఇంత కరెంటు పల్స్‌లకే, ఎల్‌ఈడీ డేటాషీట్‌ చూడకుండా ఇవ్వొద్దు.

కరెంటు కన్నా లెన్స్‌ చవక
వెలుగును చెదరనివ్వకపోవడం అసలు కిటుకు. 25 డిగ్రీల ఎల్‌ఈడీ బదులు 10 డిగ్రీలది వాడండి. ముందు చిన్న లెన్స్‌ పెట్టండి. రిసీవర్‌కు నల్లటి గొట్టం తొడిగితే పక్క వెలుగు రాదు. గురి కుదిరిందో లేదో ఫోన్‌ కెమెరాలో చూడండి, చాలా ఫోన్లలో ఎల్‌ఈడీ ఊదారంగులో మెరుస్తుంది. కంటితో మాత్రం దగ్గరగా చూడొద్దు.

రిసీవర్‌ సప్లైకి 100 ఓముల రెసిస్టర్‌, 10 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్‌ కలిపితే తప్పుడు సిగ్నళ్లు తగ్గుతాయి.

డెమోలో జాగ్రత్త
బలం పెంచిన సర్క్యూట్‌ను చిన్న గదిలో చూపిస్తే, చెయ్యి అడ్డం పెట్టినా కిరణం తెగకపోవచ్చు. గోడల మీద పడి తిరిగొచ్చిన వెలుగును రిసీవర్‌ పట్టేస్తుంది. వరండాలోనో మైదానంలోనో చూపించండి.

ఇలా సిద్ధం కండి
- 1, 3, 5, 10 మీటర్ల దగ్గర నీడలో, మధ్యాహ్నపు ఎండలో పరీక్షించి పట్టిక రాసుకోండి.
- ఉద్దానం తీరంలో ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పడతాయి, లెన్స్‌ మసకబారుతుంది. మూత ఉన్న పెట్టె, తుడిచే షెడ్యూలు కూడా ప్రాజెక్టులో చూపించండి.
- రిఫ్లెక్టర్‌ రకంలో వెలుగు వెళ్లి రావాలి, ఎదురెదురు రకంలో ఒకసారి వెళ్తే చాలు. ఎక్కువ దూరానికి రెండోదే ఎందుకో చెప్పగలగాలి.
- ఐటీఐ వాళ్లు నాప్స్‌లో, డిప్లొమా, డిగ్రీ వాళ్లు నాట్స్‌లో అప్రెంటిస్‌షిప్‌కు పేరు నమోదు చేసుకోండి.

ఇంటర్వ్యూకు సర్క్యూట్‌తో పాటు ఆ పట్టికనూ తీసుకెళ్లండి. పది మీటర్ల దగ్గర ఎండలో ఎందుకు ఆగిపోయిందో, ఏం మారిస్తే మళ్లీ పనిచేసిందో చెప్పగలిగితే, మీరు ఫీల్డులో నిలబడగలరని ఎదుటివాళ్లకు అర్థమైపోతుంది.