కంటిలో లేని జబ్బు

గ్రేటర్ నోయిడాలోని పరీ చౌక్ దగ్గర కారు నడుపుతున్న మనిషికి ఎడమ పక్కనుంచి వచ్చే ఆటో ఉన్నట్టుండి కనిపించకపోతే, అతను ముందుగా అనుమానించేది కళ్లద్దాలనే. లోపం మెదడు వెనుక భాగంలో ఉండొచ్చు. అక్కడికి రక్తం తీసుకెళ్లే ధమనిలో గడ్డ అడ్డుపడితే రెండు కళ్లకూ ఒకే వైపు సగం దృశ్యం మాయమవుతుంది. మెదడు కుడివైపు దెబ్బతింటే పోయేది ఎడమ సగం. ఒక్కో కన్నూ మూసి చూసినా అదే సగం లేకపోతే, జబ్బు బహుశా కంటిది కాదు.

స్ట్రోకుల్లో ఎక్కువ భాగం ఇలా రక్తనాళం మూసుకుపోయి వచ్చేవే. నాళం చిట్లేవి తక్కువ, ప్రాణాపాయం మాత్రం ఎక్కువ. వాటిలో తరచూ తీవ్రమైన తలనొప్పి, వాంతులు ఉంటాయి కాబట్టి ఎవరూ తాత్సారం చేయరు. అసలు మోసకారి మూడోది. ఒక కంటికి తెర దించినట్టు చీకటి కమ్ముతుంది, కొద్ది నిమిషాల్లో తొలగిపోతుంది. చూపొచ్చింది కదా అని ఊరుకుంటారు. చాలాసార్లు అది మెడలోని కెరోటిడ్ ధమని నుంచి రాలిన ముక్క పని. పెద్ద స్ట్రోకు కొద్ది రోజుల్లోనే రావచ్చు.

నొప్పి లేకపోవడమే ఇక్కడ చేటు. గడ్డను కరిగించే మందును సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, అదీ సీటీ స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాకే. కళ్లద్దాల షాపు, మర్నాడు కంటి డాక్టరు అంటూ తిరిగితే ఆ గడువు కాస్తా దాటిపోతుంది. ఢిల్లీ ఎయిమ్స్ సుమారు 40 కి.మీ. దూరం. రాత్రీపగలూ స్కాన్ తీసే ఆస్పత్రి దగ్గర్లో ఏదుందో ముందే తెలుసుకోవడం మేలు.

పోయిన చూపు కొందరికి తొలి నెలల్లో కొంత తిరిగొస్తుంది. రానివారికి తల తిప్పి వెతికి చూడటం నేర్పుతారు. డాక్టరు సరేననే దాకా స్టీరింగ్ ముట్టుకోకూడదు.