ఊగే మినార్లు మనవి, ఒరిగిన గోపురం వారిది
ఎలగందుల నుంచి కుంతాల దాకా చూడదగ్గ తావులెన్నో. కాపాడుకునే శ్రద్ధే కరువు

యూరప్ నగరాలు చూసి వచ్చినవారు ముందుగా చెప్పేది అక్కడి కట్టడాల సంగతే. పారిస్‌లో 1889లో లేపిన ఈఫిల్ టవరు, ఇటలీ దేశంలోని పీసా పట్నంలో పక్కకు ఒరిగి నిలిచిన గోపురం, వాటి చుట్టూ ఉన్న పాత వీధులు, ఆ వీధుల్లో దొరికే తిండి కథలు కథలుగా చెబుతారు. మన పల్లెల నుంచి దుబాయి పోయినవారు 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా ముందు నిలబడి ఫొటో దిగి ఇంటికి పంపుతారు. మంచిదే. కాని కరీంనగర్‌కు 10 కిలోమీటర్ల దూరంలో, సిరిసిల్ల దారిలో ఉన్న ఎలగందుల కోట ఎక్కి చూసినవారు మన జిల్లాలోనే ఎంతమంది?

కరీంనగర్‌కు తల్లి ఎలగందుల

మానేరు ఒడ్డున గుట్ట మీద ఉన్న ఈ కోట కాకతీయుల నాటి నుంచి కుతుబ్‌షాహీలు, మొగలులు, నిజాముల దాకా ఎందరి ఏలుబడినో చూసింది. 1905 వరకు జిల్లా కేంద్రం కూడా ఎలగందులే. ఆ తర్వాత కచేరీలు కరీంనగర్‌కు మారాయి. కరీంనగర్ పేరు సైతం ఎలగందుల కిలేదారు సయ్యద్ కరీముద్దీన్ పేరు మీద వచ్చిందని చెబుతారు.

ఇక్కడి మినార్లు 1754లో జఫరుద్దౌలా కట్టించినవి. పట్టి ఊపితే ఇవి ఊగుతాయని ప్రసిద్ధి. ఆ వింతే జనాన్ని రప్పిస్తున్నది, ఆ వింతే వాటికి ముప్పు కూడా. రెండున్నర వందల ఏండ్లు దాటిన కట్టడాన్ని వచ్చిన ప్రతి ఒక్కరూ ఊపి చూడాలనుకుంటే అది ఎన్నాళ్లు నిలుస్తుంది? పేర్లు చెక్కడం, సున్నం గీకడం వంటి పనులు దీనికి తోడు.

పీసాలో ఏం చేశారు?

పీసా గోపురం కట్టడం 1173లో మొదలైంది. ఎత్తు సుమారు 56 మీటర్లు. కింది నేల మెత్తన కావడంతో కడుతూ ఉండగానే ఒకవైపు ఒరిగింది. వందల ఏండ్లుగా ఆ ఒరుగు పెరుగుతూ వచ్చింది. కూలే ప్రమాదం ఉన్నదని 1990లో సందర్శకులను లోనికి రానివ్వడం మానేశారు. ఎత్తుగా ఉన్న ఉత్తరం వైపు పునాది కింది మట్టిని కొద్దికొద్దిగా తీశారు. గోపురం మెల్లగా వెనక్కు జరిగి, ఒరుగు సుమారు 40 సెంటీమీటర్లు తగ్గింది. 2001 డిసెంబరులో మళ్లీ తలుపులు తీశారు. ఇప్పుడు ఒక్కో విడతలో కొద్దిమందినే, గంట ప్రకారం ఎక్కనిస్తారు.

గమనించవలసింది ఒకటి ఉన్నది. వారు గోపురాన్ని నిటారుగా నిలబెట్టలేదు. జనం వచ్చేది ఆ ఒరుగు చూడడానికే గనుక వింతను ఉంచి ప్రమాదాన్ని మాత్రం తగ్గించారు. ఎలగందుల మినార్లకు కావలసింది కూడా ఈ తెలివే. ఇంజినీర్లు వచ్చి వాటి బలం పరీక్షించాలి. అంతవరకు ఎవరూ ఊపకుండా ఒక కావలివాడు, చరిత్ర తెలిపే ఒక తెలుగు బోర్డు ఉంటే చాలు. ఇందుకు కోట్లు అక్కరలేదు.

రాతి మీద తెలుగు పద్యం

గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలమ్మగుట్ట ఉన్నది. వేములవాడ చాళుక్యుల కాలంలో, పదవ శతాబ్దంలో, కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు దీని మీద శాసనం వేయించాడు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషలూ అందులో ఉన్నాయి. తెలుగు భాగం కంద పద్యాలు. నన్నయ భారతానికి ముందే మన గడ్డ మీద కందం నడిచిందనడానికి ఇది సాక్ష్యం. గ్రానైటు తవ్వకాలతో ఈ గుట్టకు హాని కలుగుతుందన్న ఆందోళన చాలాకాలంగా ఉన్నది. రాయి అమ్మితే ఒక్కసారి పైసలు వస్తాయి. అక్షరం పోతే మళ్లీ రాదు.

గోదావరి దాటితే నిర్మల్

నిర్మల్‌లోని శ్యాంగఢ్ కోటను నిజాం కొలువులోని ఫ్రెంచి ఇంజినీర్లు కట్టారని చెబుతారు. అంటే యూరప్ పనితనం చూడడానికి అంతదూరం పోనక్కరలేదన్నమాట. ఊళ్లో నకాషీల బొమ్మల పని ఉన్నది. తేలికైన పొనికి కర్రను చెక్కి, చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్దతో ముక్కలు అతికి, ఆరబెట్టి, రంగులు వేస్తారు. 2009లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. కరీంనగర్ వెండి తీగ పనికి అంతకుముందే 2007లో ఆ గుర్తింపు వచ్చింది. సన్నని తీగలను మెలివేసి ఆకులుగా, పూలుగా మలచి పాన్‌దాన్లు, అత్తరుదాన్లు చేసే ఈ పని కూడా ఎలగందుల నుంచి వచ్చిందే. పోర్చుగల్‌లోనూ ఇటువంటి తీగ పని ఉన్నది. మన దగ్గర పొనికి కర్ర కరువవుతున్నది, పని నేర్చుకునే పిల్లలు తగ్గుతున్నారు. యాత్రికుడు ఒక బొమ్మ కొంటే ఒక ఇంట్లో ఉలి ఆగదు.

నేరడిగొండ నుంచి 12 కిలోమీటర్లు పోతే కుంతాల జలపాతం. కడెం వాగు 45 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. వానలు వెనకబడ్డ తర్వాత చూడడానికి బాగుంటుంది. శివరాత్రికి ఇక్కడి సోమేశ్వరుని దగ్గరకు జనం వస్తారు. అయితే కింది మడుగులు లోతైనవి, రాళ్లు జారుడువి. ఈతకు దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఎందరో. దూరం నుంచే చూసి రావాలి. పిల్లలను నీళ్లలో దిగనివ్వరాదు.

తిండి సంగతి

ఇటలీకి పోయినవారు నేపుల్స్ పిజ్జా తినకుండా రారు. మన దగ్గరకు వచ్చినవారికి మనం పెట్టేదేమిటి? బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, కారం కలిపి గిన్నెకు ఒత్తి కాల్చే సర్వపిండి ఉన్నది. మక్క గారెలు, సకినాలు, జొన్నరొట్టె, పచ్చిపులుసు, మానేరు చేపల పులుసు ఉన్నాయి. ఉట్నూరు దిక్కున ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. కాని చూడబోయిన చోట ఎక్కువగా దొరికేవి ప్లాస్టిక్ పొట్లాల చిరుతిండ్లే. కోట కింద, జలపాతం దగ్గర మహిళా సంఘాలకు చిన్న కొట్లు ఇప్పిస్తే వచ్చినవారికి రుచి, ఊరివారికి బతుకుదెరువు దొరుకుతాయి.

2016లో ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్‌లు పలు జిల్లాలుగా విడిపోయాయి. కచేరీలు దగ్గరయ్యాయి, కట్టడాల మీద శ్రద్ధ కూడా దగ్గర కావాలి. అధికారులు రక్షణ చూడాలి, పంచాయతీలు శుభ్రత చూడాలి. బడి పంతుళ్లు ఏడాదికొకసారైనా పిల్లలను ఎలగందులకు, కురిక్యాలకు తీసుకుపోవాలి. తన ఊరి రాయి విలువ చిన్నప్పుడే తెలిసినవాడు పెద్దయ్యాక దాని మీద పేరు చెక్కడు.