కప్పు మీద ఎండ, వీధిలో తీగ

మన దేశంలో ‘ఇన్వర్టర్’ అంటే కరెంటు పోయినప్పుడు పనిచేసే పెట్టె. మెట్ల కింద బ్యాటరీని పక్కన పెట్టుకుని కూర్చుంటుంది; కరెంటు పోగానే రెండు ఫ్యాన్లూ నాలుగు లైట్లూ నడిపిస్తుంది. ఇక్కడ కాలిఫోర్నియాలో కప్పు మీద సోలార్ పలకలు వేయించుకున్న ఇంటి గోడకు తగిలించే ‘ఇన్వర్టర్’ మాత్రం కరెంటు పోగానే ఆగిపోయే పెట్టె. మాట ఒకటే, పని తలకిందులు. ఈ ఒక్క మాట వల్ల మన సభ్యుల ఇళ్లలో ఎన్ని అపోహలు పుట్టాయో చూశాక, సంగతి కొంచెం వివరంగా రాయడం మంచిదనిపించింది.

మన సభ్యుల్లో ఒకరి తండ్రిగారికి ఎనభై దాటాయి. రాత్రింబగళ్లు ఆక్సిజన్ యంత్రం నడవాలి. 2019 అక్టోబరులో కార్చిచ్చు భయంతో ఉత్తర కాలిఫోర్నియాలో లక్షల ఇళ్లకు రోజుల తరబడి కరెంటు ఆపేసిన సంగతి మనకందరికీ గుర్తుంది. ఆ అనుభవంతోనే వారు తరువాత కప్పు నిండా పలకలు వేయించారు. అమ్మిన మనిషి “ఇక మీకు కరెంటు బెంగ లేదు” అన్నాడట. ఆ మాటను ఇంటిల్లిపాదీ ఒక విధంగా అర్థం చేసుకున్నారు, కాగితం మీద ఉన్నది మరో విధంగా ఉంది. గాలులు వీచిన ఒక శరత్కాలపు రోజున పట్టపగలు కరెంటు పోయింది. యంత్రం ఆగింది. “ఏమ్మా, ఎండ ఇంత దంచేస్తుంటే మన పెట్టెకేమయింది?” అని పెద్దాయన కోడలిని అడిగారు. ఇంట్లో ఉన్న చిన్న సిలిండరు కొన్ని గంటలే వస్తుంది. అది అయిపోకముందే ఆయన్ను కారులో ఎక్కించుకుని కరెంటు ఉన్న ఊళ్లో మరో సభ్యుల ఇంటికి తీసుకెళ్లారు. ఆయన క్షేమంగానే ఉన్నారు. కానీ అందరికీ అలా వెళ్లడానికి ఒక ఇల్లు ఉండాలి కదా.

ఆ పెట్టె చెడిపోలేదు. దాని ధర్మమే అది. పలకల్లో పుట్టేది డీసీ కరెంటు. వీధి తీగలో వచ్చేది సెకనుకు 120 సార్లు దిశ మారే ఏసీ. ఇన్వర్టర్ వీధి కరెంటు లయను విని, సరిగ్గా ఆ తాళానికే తన కరెంటును కలుపుతుంది. పక్కవాద్యం వాయించేవారిలా అనుకోండి. వీధిలో పాట ఆగితే రెండు సెకన్లలోపు ఇదీ ఆగి తీరాలని ఇంజనీర్ల సంఘం ఐ.ఇ.ఇ.ఇ. రూపొందించిన 1547 అనే ప్రమాణం చెబుతుంది. కారణం న్యాయమైనదే. తెగిన తీగను బాగుచేయడానికి స్తంభమెక్కిన లైన్‌మాన్ ఆ తీగలో కరెంటు లేదనుకుని చెయ్యి వేస్తాడు. మన ఇంటి కప్పు నుంచి వెళ్లిన కరెంటు వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక నుంచి ఎక్కితే వేల వోల్టులై అతని ప్రాణం తీస్తుంది.

కరెంటు పోయినా ఇల్లు వెలగాలంటే బ్యాటరీ ఒక్కటే చాలదు; ఇంటిని వీధి తీగ నుంచి పూర్తిగా విడదీసే స్విచ్చి కూడా ఉండాలి. లెక్క వేసి చూద్దాం. ఆక్సిజన్ యంత్రం సుమారు 350 వాట్లు తీసుకుంటే రోజుకు 8.4 యూనిట్లు. ఫ్రిజ్‌కు ఒకటి, ఒకటిన్నర. బాగా అమ్ముడయ్యే ఇంటి బ్యాటరీ ఒకటి 13.5 యూనిట్లు పడుతుంది. అంటే ఒక్క బ్యాటరీతో ఆ రెండూ ఒక రోజంతా నడుస్తాయి, మర్నాడు ఎండ మళ్లీ నింపుతుంది. ఏసీ, బట్టలారబెట్టే యంత్రం కూడా దాని మీదే వేస్తే సాయంత్రానికే చతికిలబడుతుంది. వైద్య యంత్రాలున్న ఇళ్లవారు ‘మెడికల్ బేస్‌లైన్’ పథకంలో పేరు నమోదు చేయించుకోవాలి. తక్కువ ధరకు అదనంగా కొన్ని యూనిట్లు ఇస్తారు. కరెంటు ఆపే ముందు ప్రత్యేకంగా కబురు చేస్తారు. ఇది సోలార్ ఉన్నా లేకున్నా వర్తిస్తుంది. మన సభ్యుల్లో చాలామందికి ఈ పథకం ఉన్నట్టే తెలియదు.

ఇక ధరల సంగతి. కాలిఫోర్నియాలో 1995 నాటి చట్టంతో నెట్ మీటరింగ్ వచ్చింది. పగలు మనం పంపిన యూనిట్‌కూ రాత్రి మనం వాడుకున్న యూనిట్‌కూ ఒకటే ధర. మీటరు వెనక్కి తిరిగినట్టే లెక్క. 2016లో కొన్ని రుసుములు చేర్చి రెండో పద్ధతి తెచ్చారు. రాష్ట్ర కమిషన్ 2022 డిసెంబరులో నిర్ణయించిన మూడో పద్ధతి, 2023 ఏప్రిల్ 15 నుంచి దరఖాస్తు చేసిన వారికి వర్తిస్తోంది. దీనిలో మనం పంపే కరెంటుకు వచ్చే ధర సగటున 75 శాతం దాకా పడిపోయింది. మధ్యాహ్నం రాష్ట్రమంతా కప్పుల మీద నుంచీ ఎడారి సోలార్ కేంద్రాల నుంచీ కరెంటు పొంగుతుంటుంది గనుక ఆ వేళ మన సరుకుకు గిరాకీ లేదు. సంతలో చివరి గంట టమాటా అనుకోవచ్చు. అదే సెప్టెంబరు సాయంత్రం ఎండ వాలాక, అందరి ఏసీలూ నడుస్తున్నప్పుడు, కొన్ని గంటల్లో యూనిట్‌కు డాలరు దాటిన ధర కూడా ఉంది. అందుకే కొత్తగా పెట్టించేవారికి బ్యాటరీ లేకుండా లెక్క కుదరడం కష్టం. మధ్యాహ్నం దాచి, ధర మండే సాయంత్రం 4 నుంచి 9 మధ్య వాడుకోవడమే ఇప్పటి కిటుకు.

పై నిబంధనలు మూడు పెద్ద ప్రైవేటు కంపెనీల పరిధిలోని ఇళ్లకే. శాక్రమెంటో, లాస్ ఏంజెలెస్, శాంటా క్లారా వంటి చోట్ల ప్రజల సొంత విద్యుత్ సంస్థలున్నాయి. వాటి పద్ధతులు వేరు. సన్నీవేల్ బంధువు చెప్పిన లెక్క శాంటా క్లారాలో పనిచేయదు.

పాత పద్ధతిలో ఉన్నవారికి కనెక్షన్ ఇచ్చిన నాటి నుంచి 20 ఏళ్లు ఆ హక్కు నిలుస్తుంది. మనవాళ్లు ఎలక్ట్రిక్ కారు కొనగానే మరో పది పలకలు చేరుద్దామంటారు. ఆగాలి. రెండో పద్ధతిలో ఉన్న ఇల్లు 10 శాతం లేదా ఒక కిలోవాట్, ఏది ఎక్కువైతే అంతవరకే పెంచుకోవచ్చు. దాటితే పాత హక్కు పోతుంది. ఇరవై ఏళ్ల హక్కును నాలుగు పలకల కోసం వదులుకోవడం మా దృష్టిలో తెలివితక్కువ బేరం.

కప్పు ఎంత పెద్దదైనా, గోడ మీది బ్రేకర్ల పెట్టె ఎంత మోయగలదో చూసుకోవాలి. ఆ పెట్టెలోని రాగి పట్టీ సామర్థ్యానికి 120 శాతం దాకా అనుమతి ఉంది. పట్టీ 200 ఆంపియర్లు, మెయిన్ బ్రేకర్ 200 అయితే, 240లో 200 తీసేస్తే సోలార్‌కు 40 ఆంపియర్ల బ్రేకర్ మిగులుతుంది. అందులో ఎనభై శాతమే, అంటే 32 ఆంపియర్లే నిరంతరం వాడాలి. 240 వోల్టులతో గుణిస్తే 7.68 కిలోవాట్లు. అరవైలలో కట్టిన ఇళ్లలో 100 ఆంపియర్ల పెట్టెలే ఎక్కువ; అక్కడ ఈ లెక్క సగానికి వస్తుంది. పెట్టె మార్చాలంటే కొన్ని వేల డాలర్లు. ఈ ఖర్చు మొదటి కొటేషన్‌లో తరచూ కనిపించదు, అడిగి రాయించుకోవాలి. నగరం వారి అనుమతి, తనిఖీ అయ్యాక కూడా కరెంటు కంపెనీ రాతపూర్వకంగా అనుమతి ఇచ్చేదాకా స్విచ్చి వేయకూడదు.

సొంతంగా కొన్నవారికి దక్కిన 30 శాతం కేంద్ర పన్ను రాయితీ 2025 డిసెంబరు 31తో ముగిసింది. 2025 జూలైలో చట్టం మార్చారు. ఆ రాయితీ ఇంకా ఉందని ఎవరైనా తలుపు తట్టి చెబితే నమ్మవద్దు. ఇప్పుడు వారు ఎక్కువగా తెచ్చేది లీజు కాగితం. అందులో ‘ఏటా 2.9 శాతం పెంపు’ అన్న వరుస ఎక్కడుందో వెతకండి. మొదటి ఏడు నెలకు 150 డాలర్లు కట్టేవారు ఇరవై అయిదో ఏట సుమారు 298 కడతారు. మధ్యలో ఇల్లు అమ్మితే కొనేవారు ఆ లీజు తీసుకోవడానికి ఒప్పుకోవాలి. లేకపోతే మనమే తీర్చాలి. ఉద్యోగం వెంట ఊళ్లు మారే మన కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. మనం ఆఫీసులో ఉన్న వేళ ఇంట్లో ఉండేది అమ్మానాన్నలు. ‘ఊరికే సంతకం’ అంటే మర్యాదకు పెట్టేస్తారు. ఇంటికి వచ్చి చేయించిన ఒప్పందాన్ని ఈ రాష్ట్రంలో మూడు పనిదినాల్లో రద్దు చేసుకోవచ్చు. సంతకం పెట్టినవారికి 65 ఏళ్లు నిండితే అయిదు పనిదినాలు.

హైదరాబాదులోనో విజయవాడలోనో తల్లిదండ్రుల ఇంటికి పెట్టిద్దామనుకునేవారు కొందరు అడిగారు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పి.ఎం. సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లు, ఆపైన పెట్టించుకుంటే 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. అక్కడ కూడా నెట్ మీటరుకు కలిపే మామూలు సోలార్ ఇన్వర్టర్ కరెంటు పోతే ఆగిపోతుంది. కనుక మెట్ల కింద ఉన్న పాత ఇన్వర్టర్‌నూ బ్యాటరీనీ పాతసామాన్లవాడికి ఇచ్చేయవద్దని నాన్నగారికి ముందే ఫోను చేసి చెప్పండి.

కొటేషన్ కాగితాలు చేతిలో ఉండి సందేహంలో పడినవారు, గత పన్నెండు నెలల బిల్లులతో సహా వచ్చే నెల సమావేశానికి తీసుకురండి. భోజనాలయ్యాక కూర్చుని లెక్క చూద్దాం. ఇంకా సంతకం పెట్టనివారికి ముందు వరుస.