సన్న సందుల నుంచి సూర్యుని ఫోటో

సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు సూర్యుని అంచున ఎర్రని మంటల్లాంటివి కనబడతాయి. మామూలు రోజుల్లో అవి ఉండవా? ఉంటాయి. కాని సూర్యుని వెలుగు ముందు అవి మనకు కనబడవు.

1868 ఆగస్టు 18న గ్రహణం చూడటానికి ఫ్రాన్స్ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరుకు వచ్చాడు. వెలుగును రంగులుగా విడదీసే స్పెక్ట్రోస్కోపుతో చూస్తే ఆ మంటలు కొన్ని రంగు గీతలుగా మెరిశాయి. అవి హైడ్రోజన్ వాయువు గీతలు. ఇంత బాగా మెరిసేవి గ్రహణం లేకున్నా కనబడాలి కదా అనుకున్నాడు. తెల్లారి చూస్తే నిజంగానే కనబడ్డాయి! గ్రహణం కోసం ఎదురుచూసే పని తప్పింది.

1890లలో అమెరికాలో హేల్, ఫ్రాన్స్‌లో దెలాంద్ర్ స్పెక్ట్రోహీలియోగ్రాఫ్ తయారుచేశారు. అది ఎట్ల పనిచేస్తుంది? తలుపు సందుల నుంచి రోడ్డు మీద పోయే బస్సును చూడండి. ఒక్కసారికి సన్న ముక్కే కనబడుతుంది. ముక్కలన్నీ వరుసగా పేరిస్తే మొత్తం బస్సు అవుతుంది. అట్లనే సూర్యుని బొమ్మను సన్న సందు మీదుగా జరుపుతారు. ఒక్కో ముక్క వెలుగును విడదీసి, ఒక్క రంగునే ఉంచుకొని పక్కపక్కన పేరుస్తారు. కొడైకెనాల్‌లో 1904 నుంచి వందేళ్లు ఇట్ల ఫోటోలు తీశారు. ఇప్పుడు చిన్న దుర్బిణి, కెమెరా, కంప్యూటర్‌తో ఇంట్లనే తీసేవాళ్లు కూడా ఉన్నారు.

మనకు అవి లేకున్నా పాత సీడీ చాలు. ట్యూబ్‌లైట్ కింద అటూ ఇటూ వంచితే రంగులు విడిపోతాయి. కాని సూర్యుణ్ణి ఎవ్వరూ నేరుగా చూడొద్దు. సీడీ, ఎక్స్‌రే ఫిల్ము అడ్డం పెట్టుకొని కూడా చూడొద్దు. కండ్లు పోతే మళ్లీ రావు.