ఒకే కొలత

అంగడిలో ధాన్యము కొలుచు మానిక అందఱికి నొక్కటే కావలెను. కొనువాడు ధనికుడైనను, పేదయైనను కొలత మారరాదు. కళాశాలలో చేరగోరు విద్యార్థులను గూడ ఇట్లే ఒకే కొలతతో కొలువవలెనను తలంపు అమెరికా దేశమున బలపడెను.

పూర్వమచట ఒక్కొక్క కళాశాల తన ప్రవేశపరీక్షను తానే జరుపుచుండెను. 1900లో కొన్ని కళాశాలల పెద్దలు కూడి కాలేజీ బోర్డును స్థాపించిరి. మరుసటి యేడు ఉమ్మడి పరీక్షలు మొదలయ్యెను. 1926లో ఆ బోర్డు శాట్ అను క్రొత్త పరీక్షను పెట్టగా 8,040 మంది వ్రాసిరి. దానిని రూపొందించిన సంఘమునకు పెద్ద కార్ల్ బ్రిగమ్. తెలివి జాతినిబట్టి యుండునని అతడు 1923లో గ్రంథము వ్రాసెను. 1930లో ఆ వాదము నిరాధారమని తానే యొప్పుకొనెను.

1934లో హార్వర్డు విశ్వవిద్యాలయము దూరప్రాంతముల ప్రతిభావంతులకు విద్యార్థివేతనము లిచ్చుటకు ఈ పరీక్షను వాడెను. పేరులేని బడిలో చదివిన బాలునికి అది తలుపు తెరచెను. కాని మార్కులలో తెలివి యొక్కటే లేదు. మంచి బడి, ఇంటిలోని పుస్తకములు, ప్రత్యేక శిక్షణమును కొనగల ధనము కూడ కలిసియుండును. కావుననే 2021లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము ఆ మార్కులను చూచుట మానెను. మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థ మాత్రము, అవి లేనిచో పేద విద్యార్థుల సామర్థ్యము తెలియుట కష్టమని, కోవిడ్ కాలమున విడిచిన పరీక్షను 2022లో మరల కోరెను.

రెంటను సత్యము కలదు. మానిక ధాన్యమును కొలుచును. అది యెట్టి నేలలో పండినదో చెప్పజాలదు. కొలిచెడివారు దానిని గూడ విచారింపవలెను.